పగలు ఎక్కడ దాక్కుంటుంది? పావురాల గూళ్ళలో నల్లి వైద్యం

పావురాలు పెంచేవాళ్ళు ఇద్దరు కలిసి నల్లి (మంచాల్లో ఉండేది కాదు, పక్షుల్ని పట్టి పీడించే సన్నటి జీవి, ఇంగ్లీషులో మైట్) గురించి మాట్లాడుకుంటే మొదట వచ్చే ప్రశ్న "ఏం మందు కొట్టావన్నా?" అనే. తర్వాత వచ్చేది ఫిర్యాదు. కొట్టిన రెండు రోజులు బాగానే ఉంది, వారం పది రోజులు తిరిగేసరికి మళ్ళీ మొదలు. మందు కల్తీదనో, డోసు చాల్లేదనో తేల్చేసి ఇంకో డబ్బా కొనుక్కొస్తారు. బజార్లో కల్తీ లేదని నేననను గానీ, తిరగబెట్టడానికి కారణం ఎక్కువసార్లు వేరే ఉంటుంది. పిట్ట ఒంటి మీద లేని పురుగు కోసం పిట్ట ఒంటి మీద మందు వేస్తున్నాం. లేదా మొదటి విడతకి చావని గుడ్లు పొదిగి, అవి పెరిగి పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టేదాకా ఆగి, రెండో విడత కొడుతున్నాం.

అందుకని మందు పేరు కన్నా ముందు తెలియాల్సింది ఒకటుంది. మన గూట్లో ఉన్న ఈ జీవి పగటిపూట ఎక్కడుంటోంది? పిట్ట మీదా, గోడ సందుల్లోనా, చర్మం లోపలా, ఈక కాడ లోపలా? ఈ జవాబు దొరికితే సగం వైద్యం అయిపోయినట్టే.

ఏది పేను, ఏది నల్లి

చేతిలోకి తీసుకున్న పావురం నుంచి ఏదో మన మోచేతి మీదికి పాకితే దాన్ని పేను అనేస్తాం. నిజం పేలు ఆరు కాళ్ళ పురుగులు. ఈకల మధ్యే పుడతాయి, అక్కడే చస్తాయి. పావురాల మీద మామూలుగా కనిపించే రకాలు నూగునీ, చర్మపు పొట్టునీ కొరుక్కుని బతుకుతాయి, రక్తం జోలికి పోవు. రెక్క విప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు ఈకల మీద సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు కనబడితే, ఈక గీతల మధ్య పొడుగాటి సన్నటి జీవులు అంటుకుని ఉంటే, అవి పేలు.

పేల సంగతి పావురం చాలావరకు తనే చూసుకుంటుంది, ముక్కుతో. పావురం పై ముక్కు కొన కింది ముక్కు మీదికి కాస్త వంగి ఉంటుంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ వంగిన కొసని కొద్దిగా అరగదీసి చూశారు. 2005లో వచ్చిన ఆ అధ్యయనంలో తేలిందేమంటే, తిండికి ఇబ్బంది లేకపోయినా, ఆ చిన్న కొస లేని పావురాల మీద పేలు విపరీతంగా పెరిగాయి. గూట్లో మిగతా పిట్టలన్నీ శుభ్రంగా ఉండి ఒక్కదాని ఒళ్ళంతా పేలు పట్టిందంటే, మందు పొడి చల్లే ముందు దాని ముక్కు చూడండి. ముక్కు విరిగిందా, అడ్డంగా పెరిగిందా, లేక పిట్టే జబ్బుపడి ఈకలు దువ్వుకోవడం మానేసిందా?

నల్లికి ఎనిమిది కాళ్ళు. ఇది సాలీడుకీ, గోమారికీ దగ్గరి చుట్టం. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి మాత్రం ఆరే కాళ్ళుంటాయి, మొదటి కుబుసం విడిచాక ఎనిమిదవుతాయి. పావురాల మీద బతికే నల్లి జాతులు చాలానే ఉన్నాయి గానీ పెంచేవాడికి తలనొప్పి తెచ్చేవి నాలుగు తరహాలు. పగలు సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగేది ఒకటి. పిట్ట మీదే, గూటిలోనే ఉంటూ రాత్రీ పగలూ తాగేది రెండోది. చర్మంలోకి తొలుచుకుపోయేది మూడోది. ఈక కాడ లోపల కాపురం పెట్టేది నాలుగోది.

ఇవిగాక రెక్క ఈకల గీతల్లో దుమ్ము గీతలా కనిపించే ఈక నల్లి ఉంటుంది. అది ఈకల మీది జిడ్డూ, బూజూ, సూక్ష్మజీవులూ తిని బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పావురాల మీద కూడా కాస్తో కూస్తో ఉంటుంది, దాని కోసం కంగారు పడక్కర్లేదు.

రాత్రి దొంగ

ఎక్కువ నష్టం చేసేది మొదటిది, ఎర్ర నల్లి. కోళ్ళ ఫారాల వాళ్ళకి ప్రపంచమంతటా దీనితోనే పోరు. సైజు మిల్లీమీటరు లోపే. ఆకలి మీదున్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది, రక్తం తాగాక ఎర్రబడుతుంది, అది అరిగేకొద్దీ నల్లబడుతుంది. ఒక్కో పెద్ద నల్లి రెండు మూడు రోజులకోసారి చీకటి పడ్డాక పిట్ట మీదికెక్కి, అరగంటో గంటో తాగి, దిగి, తన సందులోకి వెళ్ళిపోతుంది. గుడ్లు కూడా అక్కడే పెడుతుంది. తాగిన ప్రతిసారీ నాలుగు నుంచి ఎనిమిది దాకా, జీవితకాలంలో ముప్ఫై వరకు. మన వాతావరణంలో గుడ్డు నుంచి గుడ్డు పెట్టే నల్లి అయ్యేదాకా వారం రోజులు చాలు. రక్తం దొరక్కపోతే చచ్చిపోతుందనుకోవద్దు, చల్లటి చోట ఉంటే నెలల తరబడి ఆగగలదు. ఖాళీగా వదిలేసిన గూట్లోకి ఆరు నెలల తర్వాత కొత్త జతని తెచ్చి పెట్టినా, పాత నల్లి ఎదురుచూస్తూ ఉండొచ్చు.

ఈ లెక్క ప్రకారం ఏ క్షణంలో చూసినా గూట్లోని నల్లి దండులో పిట్టల మీద ఉండేది కొద్ది భాగమే. పగలైతే దాదాపు ఏమీ ఉండదు. మధ్యాహ్నం పూట పావురాన్ని పట్టుకుని ఈకలు విప్పి చూసి "ఏం లేవు, శుభ్రంగా ఉంది" అనుకోవడం అందుకే మోసం. ఆ పావురానికి స్నానం చేయించినా, పొడి చల్లినా, మెడ మీద చుక్క వేసినా అసలు దండు గోడలో క్షేమంగా ఉంటుంది.

లక్షణాలు ముందు పిట్టల నడతలో బయటపడతాయి. సాయంత్రం గూట్లోకి వెళ్ళడానికి వెనకాడతాయి, రాత్రంతా కాళ్ళు మార్చుకుంటూ, తల దులుపుకుంటూ కదులుతుంటాయి. పొదుగుతున్న తల్లి ఉన్నట్టుండి గుడ్లు వదిలేస్తుంది. పొదుగు పదిహేడు, పద్ధెనిమిది రోజులే కాబట్టి పదో రోజున ఒక్క రాత్రి గుడ్లు చల్లబడితే ఆ విడత పిల్లలు పోయినట్టే. అన్నిటికన్నా దెబ్బ తినేది పిల్లలు. వాటికి ఈకలుండవు, ఎగిరి తప్పించుకోలేవు, ముక్కుతో దువ్వుకోవడం రాదు. నెల రోజులపాటు ఒకేచోట కూర్చుని ఉంటాయి. ఉదయం గూట్లో చేయి పెట్టి చూస్తే పిల్ల చల్లగా, మెత్తగా ఉంటుంది, నోరు తెరిచి చూస్తే లోపల గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటుంది. మేత నిండా ఉన్నా పిల్ల చచ్చిపోయిందంటే, ముందు రక్తం పోయిందేమో చూడాలి.

ఖాయం చేసుకోవడం తేలికే, ఖర్చు లేదు. రాత్రి తొమ్మిది, పది దాటాక టార్చి పట్టుకుని వెళ్ళండి. పెద్ద లైటు వేయొద్దు, వేస్తే పారిపోతాయి. పిట్ట కాళ్ళ మీద, రెక్కల కింద చూడండి. తర్వాత కూర్చునే కర్ర రెండు కొసలూ గోడకి ఆనే చోటా, చెక్క పలకలు కలిసే మూలల్లో, మేకుల తలల కిందా చూడండి. ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు తెల్లటి, నల్లటి మచ్చలుంటాయి. తెల్లవి విడిచిన కుబుసాలు, నల్లవి వాటి మలం. ఒక తెల్లకాగితం మడతతో ఆ సందుని గట్టిగా రాస్తే కాగితం మీద ఎర్రటి చారలు పడతాయి. అది మీ పావురం రక్తం.

రాత్రి వెళ్ళే ఓపిక లేకపోతే అట్టపెట్టె ముక్క, లోపల గాడులుంటాయి చూడండి, అలాంటిది చిన్నగా చుట్టి కర్ర కింద కట్టేసి రెండు రోజుల తర్వాత విప్పి చూడండి. దాక్కోవడానికి అనువుగా ఉంటుంది కాబట్టి ఉంటే తప్పకుండా అందులో చేరతాయి. వైద్యం చేశాక మందు పనిచేసిందా లేదా చెప్పే సాక్ష్యం కూడా ఇదే అట్టముక్క. వారం వారం కొత్తది కట్టి, పాతది కాల్చేయాలి.

గూటికి వైద్యం

ఎర్ర నల్లి అని తేలితే రోగి గూడే. పిట్టల్ని పొద్దున్నే బయటికి తీసి వేరే పంజరంలో పెట్టాలి. గూళ్ళలోని పుల్లలు, గడ్డి, ఎండిన రెట్ట అంతా గీకి తీసి అక్కడే కుప్ప పోయకుండా కాల్చేయాలి. కుప్ప పోస్తే సాయంత్రానికి మళ్ళీ నడిచి వచ్చేస్తాయి. కర్రలు, పలకలు, విడదీయగలిగినవన్నీ విడదీయాలి. మరిగే నీళ్ళు సందుల్లోకి పోయాలి, బాగా ఆరనివ్వాలి. నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడికి నల్లి తట్టుకోలేదు, కాబట్టి మే నెల ఎండలో మేడ మీద బోర్లించిన చెక్క గూడు మధ్యాహ్నానికి తనంతట తానే సగం శుభ్రమవుతుంది. వానాకాలంలో ఆ సాయం దొరకదు. పైగా వెచ్చదనమూ తేమా కలిసి వచ్చే ఆ నెలల్లోనే దీని సంతానం వేగంగా పెరుగుతుంది. తొలకరికి ముందే ఈ పని చేసిపెట్టుకోవడం తెలివైన పని.

గూటి తయారీలోనే సగం తేడా ఉంటుంది. పాతబస్తీ మేడల మీద కనిపించే చెక్క ఖానాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ ప్రతి అతుకూ నల్లికి ఒక గది. మన ఊళ్ళలో వెనకటికి చూరు కింద కుండలు కట్టేవాళ్ళు. కుండకి అతుకుల్లేవు, దించి కడిగి ఎండలో పెట్టొచ్చు, పగిలితే పారేసి ఇంకోటి తెచ్చుకోవచ్చు. అక్కడ చూసుకోవాల్సింది కుండ మెడకి కట్టిన తాడు ఒక్కటే. చెక్క తప్పనిసరైతే సందుల్ని మూసి సున్నం కొట్టండి. సున్నం నల్లిని పెద్దగా చంపదు, దాని ఇల్లు మూసేస్తుంది.

ఆ తర్వాతే మందు. పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి ఎక్కువగా వాడేవి. ఇవి పురుగు నరాల్ని ఆగకుండా రెచ్చగొట్టి చంపుతాయి. డబ్బా మీద రాసిన పాళ్ళలో నీళ్ళలో కలిపి, ఖాళీ గూట్లో, అదీ సందుల్లోకి వెళ్ళేలా కొట్టాలి. గోడ మధ్యలో ఎంత తడిపినా వృథా. పూర్తిగా ఆరి, వాసన పోయాకే పిట్టలు లోపలికి వెళ్ళాలి. పిట్టకి ఊపిరితిత్తులతో పాటు ఒళ్ళంతా గాలి తిత్తులుంటాయి, మనకి ఘాటు అనిపించింది దానికి ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ దాని దరిదాపుల్లోకి రానివ్వొద్దు. చేపల తొట్టె ఉంటే ఈ మందు కలిపిన బకెట్టు ఆ పక్క కడగొద్దు.

రెండో విడత ఎప్పుడు? ఈ మందులు గుడ్లని సరిగ్గా చంపవు. గుడ్డు రెండు మూడు రోజుల్లో పొదుగుతుంది, ఆ పిల్ల వారంలోపే గుడ్లు పెట్టే స్థితికి వస్తుంది. కాబట్టి అయిదు నుంచి ఏడు రోజుల మధ్య రెండోసారి కొట్టాలి, అవసరమైతే ఇంకో వారానికి మూడోసారి. "నెలకోసారి కొడుతున్నా" అనేవాళ్ళ దగ్గర నల్లి ఎందుకు పోదో ఇప్పుడు అర్థమవుతుంది. రెండు విడతల మధ్య మూడు నాలుగు తరాలు గడిచిపోతున్నాయి, ప్రతిసారీ మందుకి తట్టుకున్నవే మిగులుతున్నాయి. ఎర్ర నల్లి ఈ రకం మందులకి లొంగకుండా పోవడం చాలా దేశాల్లో నమోదైంది. శుభ్రంగా కొట్టినా అట్టముక్కలో నల్లి తగ్గట్లేదంటే మోతాదు పెంచకండి, వేరే తరగతి మందు గురించి పశువైద్యుణ్ణి అడగండి.

కొన్ని మందుల్ని మాత్రం ఇంట్లోంచి తీసి పారేయాలి. గమాక్సిన్ పొడి అని పాత తరం వాళ్ళు చల్లేవాళ్ళే, ఆ బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. కార్బరిల్ పొడిని కోళ్ళకీ పావురాలకీ దశాబ్దాలపాటు వాడారు, 2018లో దాన్నీ నిషేధించారు. పాత పుస్తకాల్లో, పాత సలహాల్లో ఇంకా కనబడుతుంది. కుక్కలకి వేసే ఫిప్రోనిల్‌ని పావురాలకి వేయమనేవాళ్ళూ ఉన్నారు. 2017లో నెదర్లాండ్స్‌లో ఎర్ర నల్లికి ఆకు మందు పేరుతో కొట్టిన దాంట్లో ఈ ఫిప్రోనిల్ కలిసి ఉందని బయటపడి, యూరప్ అంతటా లక్షలాది గుడ్లు వెనక్కి తీసి పారేయాల్సి వచ్చింది. తిండికి పనికొచ్చే పక్షుల మీద దాన్ని అక్కడ అనుమతించరు. మన దగ్గర పక్షవాతానికి పావురం మాంసం మంచిదని నమ్మి కొనుక్కెళ్ళేవాళ్ళు తక్కువేం కాదు. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, మందు పడిన పావురాన్ని కోతకి ఇవ్వకండి.

కలరా ఉండలు గూట్లో వేలాడదీయడం ఇంకో అలవాటు. ఆ వాసనకి నల్లి ఏమవుతుందో గానీ మూసిన గూట్లో పిట్ట మాత్రం ఆ విషాన్నే రాత్రంతా పీలుస్తుంది. కిరసనాయిలు తగిలిన నల్లి చస్తుంది, నిజమే. దానికి నిప్పు భయం ఒకటి, పొదిగే గుడ్డుకి ఆ నూనె అంటితే లోపలి పిల్లకి గాలి ఆడక చావడం ఇంకొకటి.

పిట్ట మీద ఉండేది

రెండో తరహా నల్లి మన వేడి ప్రాంతాల్లో గువ్వలకీ, పిచ్చుకలకీ, గోరింకలకీ, కోళ్ళకీ అన్నిటికీ పడుతుంది. ఇది పిట్ట మీద, పిట్ట పడుకునే పుల్లల్లో ఉంటుంది. మలద్వారం చుట్టూ, పొట్ట కింద ఈకలు మురికి పట్టి నల్లగా అట్ట కట్టినట్టు ఉంటే అనుమానించాలి. పగలు చూసినా దొరుకుతుంది, ఈకలు విప్పితే వేళ్ళ మీదికి పరుగెత్తుతుంది. ఇది పిట్ట లేకుండా కొన్ని వారాలకి మించి బతకలేదు. అందుకే దీనికి వైద్యం తిరగబడుతుంది, పిట్ట ముందు, గూడు తర్వాత. పక్షులకని తయారైన పర్మెత్రిన్ పొడిని ఈకల మొదళ్ళకి, ముఖ్యంగా వెనక భాగానికి అందేలా చల్లి, గూటిలోని పుల్లలు మార్చేస్తే చాలావరకు లొంగుతుంది. కళ్ళకీ ముక్కుకీ తగలకుండా తల మీద చేయి అడ్డం పెట్టుకోవాలి. ఈకలు రాని పిల్లల మీద పొడి చల్లకండి. పుల్లలు మార్చి, తల్లిదండ్రులకి వైద్యం చేస్తే వాటికి చాలు.

పావురాలకి నీళ్ళంటే ఇష్టం. వారానికోసారి ఒక వెడల్పాటి బేసిన్‌లో నాలుగైదు అంగుళాల నీళ్ళు పెడితే అవే దిగి తడుస్తాయి. ఈ స్నానం వల్ల ఈకలు బాగుపడతాయి, దువ్వుకోవడం పెరుగుతుంది. నల్లిని చంపే శక్తి మాత్రం దానికి లేదు.

ఒక్క చుక్క లెక్క

ఐవర్‌మెక్టిన్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే పావురాల వాళ్ళలో దీని మీద ఉన్నంత నమ్మకం ఇంకే మందు మీదా లేదు. జపాన్ నేలలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన మందు ఇది. కనిపెట్టినందుకు సతోషి ఓమురా, విలియం క్యాంప్‌బెల్‌లకి 2015లో నోబెల్ వచ్చింది. నల్లి నరాల్లో, కండరాల్లో ఉండే కొన్ని ద్వారాలని తెరిచి ఉంచేసి దాన్ని చచ్చుబడేలా చేస్తుంది. పిట్ట మెదడులో కూడా ఇలాంటి ద్వారాలున్నాయి, కాకపోతే రక్తంలోని మందు మెదడులోకి తేలిగ్గా దిగకుండా ఒక అడ్డు ఉంది. మోతాదు బాగా పెరిగితే ఆ అడ్డు చాలదు. పిట్ట తూలుతుంది, తల వాలుస్తుంది, కాళ్ళు నిలవవు.

పశువుల మందుల షాపులో దొరికేది ఒక శాతం ఇంజెక్షను. "మెడ మీద ఒక్క చుక్క వెయ్యి తమ్ముడూ, అదే పోతుంది" అంటారు. లెక్క వేసి చూడండి. ఒక శాతం అంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. పక్షులకి పశువైద్యులు మామూలుగా చెప్పే మోతాదు కిలో బరువుకి 200 మైక్రోగ్రాములు. మన పావురం 350 గ్రాములనుకుంటే దానికి కావలసింది 70 మైక్రోగ్రాములు, ఆ సీసాలోంచి అయితే 0.007 మిల్లీలీటరు. డ్రాపరు నుంచి పడే ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు, అంటే 500 మైక్రోగ్రాములు. ఏడింతలు! చాలా ఇన్సులిన్ సిరంజిల మీద ఉండే అతి చిన్న గీత 0.01 మిల్లీలీటరు, లేదా అంతకన్నా పెద్దది. అది కూడా ఎక్కువే.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పావురం ఆ ఏడింతలని చాలాసార్లు తట్టుకుంటుంది, అందుకే "మేం ఎప్పట్నుంచో వేస్తున్నాం, ఏం కాలేదు" అనే మాట నిలబడింది. నల్లి రక్తం తాగి ఒళ్ళు చిక్కిన పిట్ట సంగతి, పిల్ల సంగతి అలా కాదు. అదే చుక్క పక్క పంజరంలోని చిలకకో, ఫించ్‌కో వేస్తే దాని ఒంటి బరువెంత? ఇక నీళ్ళతో పల్చన చేద్దామంటే ఈ మందు నీళ్ళలో సరిగ్గా కలవదు, ఒక చుక్కలో ఏమీ ఉండదు, ఇంకో చుక్కలో అంతా ఉంటుంది. తాగేనీళ్ళ తొట్టెలో కలిపితే ఎండాకాలం ఎక్కువ తాగిన పిట్టకి ఎక్కువ, జబ్బుపడి మూల కూర్చున్న పిట్టకి సున్నా. పశువైద్యుడు తగిన ద్రవంతో పదింతలు పల్చన చేసి, బరువు తూచి ఇస్తాడు. వంటింటి కాటా మీద గుడ్డ సంచిలో పెట్టి తూచినా సరిపోతుంది.

ఇంత జాగ్రత్తగా వేసినా ఎర్ర నల్లికి ఇది పెద్దగా పనిచేయదు. మందు పిట్ట రక్తంలో ఉంటుంది, ఆ రాత్రి వచ్చి తాగిన నల్లికే అందుతుంది, మిగతాది సందులో ఉంటుంది. కోళ్ళ మీద చేసిన పరీక్షల్లో ఎర్ర నల్లిని చంపడానికి మామూలు మోతాదుకి ఎన్నో రెట్లు కావాల్సి వచ్చింది, ఆ మోతాదు కోడికే ప్రమాదపు గీతకి దగ్గర. గుడ్లు పెట్టే కోళ్ళకి ఎర్ర నల్లి కోసం ఫ్లూరలనేర్ అనే కొత్త మందుని 2017లో యూరప్ అనుమతించింది, తాగేనీళ్ళలో వారం తేడాతో రెండుసార్లు ఇస్తారు. అది కూడా రెండు విడతలే అన్నది గమనించండి. నల్లి జీవితచక్రం ముందు ఏ మందైనా తలవంచాల్సిందే.

ఐవర్‌మెక్టిన్ అసలు సత్తా చూపేది మూడో తరహా నల్లి మీద. చర్మంలో సొరంగాలు తవ్వుకుని, జీవితమంతా పిట్ట మీదే గడిపే రకం. కాళ్ళ మీద పొలుసులు లేచి సున్నం అంటినట్టు గరుకుగా మారడం, ముక్కు మొదట్లో తేనెపట్టులా చిన్న చిల్లులతో పెచ్చు కట్టడం, తల, మెడ, వీపు మీద ఈకలు చర్మం దగ్గరే విరిగి రాలడం దీని గుర్తులు. ఈకలు మార్చుకునే కాలంలో రాలడానికీ దీనికీ తేడా పోల్చుకోవచ్చు. మామూలుగా ఈకలు మార్చుకునేటప్పుడు రెండు వైపులా ఒకే వరసలో రాలి, వెంటనే కొత్త ఈక మొలకలు కనబడతాయి. నల్లి పట్టిన చోట విరిగిన మోళ్ళు, బోడి చర్మం, గోకుడు. చర్మం గీరి సూక్ష్మదర్శిని కింద చూస్తే గుండ్రటి పొట్టి కాళ్ళ నల్లి కనిపిస్తుంది, అనుమానం ఉండదు. పెచ్చుల్ని గోటితో పీకకుండా కొబ్బరినూనెనో పారాఫిన్ నూనెనో పల్చగా రాస్తే మెత్తబడతాయి, సొరంగాల్లో గాలి ఆడక నల్లి కూడా తగ్గుతుంది. నూనె ఈకలకి అంటనివ్వొద్దు. ఐవర్‌మెక్టిన్‌ని పదిరోజులు, రెండు వారాల తేడాతో రెండు మూడుసార్లు వైద్యుడి లెక్కలో ఇస్తే చర్మం బాగుపడుతుంది.

నాలుగోది, ఈక కాడలోది, తక్కువగా కనబడుతుంది. రాలిన ఈక కాడని చీరి చూస్తే లోపల గోధుమరంగు పొడి ఉంటుంది. పైన చల్లిన ఏ పొడీ కాడ లోపలికి పోదు. ఆ ఈకలన్నీ ఏరి కాల్చడం, మిగతాది వైద్యుడికి వదలడం మేలు.

ఆకులూ, పొడులూ

కోడి పొదిగే గంపలో వావిలాకు వేయడం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. పావురాల గూట్లో వేసినా నష్టం లేదు, ఘాటుకి కొంత దూరం పెడుతుంది. నల్లి ఇంకా చేరని గూటికి అది బాగానే ఉంటుంది, ఇల్లు కట్టుకున్న దండుని తరమలేదు. పొగాకు కాడలు చాలా దేశాల్లో పావురాలవాళ్ళు గూటి పుల్లలుగా వేస్తారు. ఒంగోలు, కందుకూరు వైపు వాటికి కొదవలేదు. నికోటిన్ పురుగులకి విషం, అది నిజమే. కాబట్టి కాడ వరకే ఉంచండి. ఆకు నానబెట్టిన నీళ్ళు పిట్ట మీద పోయడం దాకా వెళ్ళకండి, ఆ విషం పిట్టకి కూడా అంతే. సీతాఫలం గింజల పొడి పేలని చంపుతుంది గానీ కంటిలో పడితే కన్ను పోయేంత మంట. రెక్కలు కొట్టుకునే పిట్టకి దాన్ని రాయడం నాకు నచ్చదు.

డయాటమ్ మట్టి, అంటే నీటిలోని సూక్ష్మజీవుల శిలాజాల మెత్తటి పొడి, ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడవుతోంది. నల్లి ఒంటి మీది మైనపు పొరని పీల్చేసి ఎండబెట్టి చంపుతుంది, మందుకి లొంగని నల్లి కూడా దీనికి లొంగుతుంది. సందుల్లో పల్చగా పట్టించాలి. గాలిలో తేమ ఎక్కువైతే దీని పని మందగిస్తుంది, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఎండాకాలం హైదరాబాద్‌లో మేలు. చల్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి, గాల్లోకి లేపొద్దు, ఆ దుమ్ము పిట్ట ఊపిరితిత్తులకీ మన ఊపిరితిత్తులకీ మంచిది కాదు.

మళ్ళీ ఎలా వస్తుంది

సంత నుంచి తెచ్చిన కొత్త జతతో వస్తుంది. అంతకన్నా ఎక్కువగా ఆ జతని తెచ్చిన బుట్టతో వస్తుంది. పిట్టని నెల రోజులు విడిగా ఉంచేవాళ్ళు కూడా బుట్టని నేరుగా గూటి పక్కన పెట్టేస్తారు. మేత గింజలకి వచ్చే పిచ్చుకలు, గోరింకలు, ఊరి పావురాలు కూడా తెస్తాయి. గూళ్ళలో ఈకల మధ్య పీతలా పక్కకి పరుగెత్తే చదును ఈగ ఒకటుంటుంది, అది రక్తం తాగుతూ పావురాల మలేరియాని మోస్తుంది, పైగా పేలు, నల్లి దాని కాళ్ళకి వేలాడి ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకి వెళ్తాయి. దాని గూడుపురుగులు (ప్యూపాలు) గూటి చెత్తలోనే నెల దగ్గర దగ్గర పడి ఉంటాయి. మూడు వారాలకోసారి చెత్త తీసి కాలిస్తే ఈగ పనీ, నల్లి పనీ ఒక్కసారే అవుతాయి.

పావురాలు పెంచని వాళ్ళకి

ఇదంతా తమకి సంబంధం లేదనుకునే అపార్ట్‌మెంటు వాళ్ళ దగ్గరికే నల్లి ఎక్కువ వస్తోందని నా అనుమానం. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక, బాత్రూమ్ వెంటిలేటర్‌లో పావురం గూడు పెడుతుంది. పిల్లలు ఎగిరిపోతాయి. రక్తం దొరక్క గూట్లోని నల్లి ఆకలితో బయల్దేరి కిటికీ సందులోంచి గదిలోకి వస్తుంది. మెడ, చేతులు, నడుము పట్టీ దగ్గర ఎర్రటి దద్దుర్లు, రాత్రిపూట దురద. మంచం నల్లి అని పరుపు మారుస్తారు, గజ్జి అని ఒంటికి మందు రాస్తారు, రెండింటికీ తగ్గదు. ఈ నల్లి మన ఒంటి మీద కాపురం పెట్టలేదు, మన రక్తం మీద తన సంతానాన్ని నిలుపుకోలేదు. కుడుతుంది, దిగిపోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్తే కిటికీ బయట గూడున్న సంగతి ముందే చెప్పండి, దురదకి ఇచ్చే మందుతో ఒళ్ళు సర్దుకుంటుంది.

గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే అవి ఎగిరేదాకా ఆగి, ఆ కిటికీ సందుల్ని టేపుతో మూయండి. ఎగిరిన రోజే, మర్నాటికి వాయిదా వేయకుండా, మాస్కూ గ్లవుజులూ వేసుకుని గూటిని కొద్దిగా నీళ్ళు చల్లి తడిపి, పాలిథిన్ కవరులోకి తీసి మూతి కట్టేయండి. పొడి రెట్టని చీపురుతో ఊడ్చొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల జబ్బులకి దారి. చోటంతా కడిగి, ఆరాక సందుల్లో పర్మెత్రిన్ కొట్టి, వారానికి ఇంకోసారి కొట్టి, ఆ తర్వాత వల బిగించండి. వల ముందు బిగించి గూడు లోపలే వదిలేస్తే తల్లి రాలేదు, నల్లికి మిగిలిన దారి మీ పడగ్గది ఒక్కటే. ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు వారాలు కుడుతూనే ఉంటే పై అంతస్తు వాళ్ళ యూనిట్ వెనక కూడా ఒకసారి చూడమనండి.